అమావాస్య నాడు పెట్టని సంతకం

మొన్న మా వీధి చివరింటి అమ్మాయి వచ్చి అరుగు మీద కూర్చుంది. బహ్రెయిన్ వెళ్తోందట. మంచం పట్టిన ముసలివాళ్ళను చూసుకునే పని, ఏజెన్సీ ద్వారా. అచ్చం నేను చేసిన పనే.

"పెద్దమ్మగారూ, ఏం పట్టుకెళ్ళమంటారు?" అని అడిగింది.

"ముందు నీ కాగితం గడువు ఏ రోజుతో తీరుతుందో ఒక పుస్తకంలో రాసుకో," అన్నాను.

"ఇంకా విమానమే ఎక్కలేదు, అప్పుడే గడువేంటండీ!" అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను గానీ, ఆ పిల్ల వెళ్ళాక కూర్చుని ఇది మొదలుపెట్టాను. పచ్చళ్ళ సంగతి ఎవరైనా చెబుతారు. ఇది చెప్పేవాళ్ళు తక్కువ.

పని అంటే ఏమిటి

నేను బడికి వెళ్ళలేదు. మా తాతగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, కూడికలు నేర్పారు, పంచాంగం చూడడం నేర్పారు. ముసలివాళ్ళను చూసుకోవడమూ ఇంట్లో నేర్చుకున్నదే. మా మామగారు నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు. వీపు పుండు పడకుండా మనిషిని ఎలా ఒత్తిగిలించాలో, పొలమారకుండా జావ ఎలా పట్టించాలో ఆయన దగ్గరే తెలిసింది. మా ఆయన పోయాక, పిల్లలు లేని నాకు ఆ చేతి పనే అన్నం పెట్టింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మామగారికి మనసులో దండం పెట్టుకుంటాను. ఆయన బాధే నాకు చదువైంది.

తొంభైల మొదట్లో వెళ్ళి పదేళ్ళు పనిచేశాను. ఆ పదేళ్ళూ రాజధాని మనామాలోని ఏజెన్సీ ఫ్లాటులోనే ఉన్నాను. గదికి ముగ్గురం. మేము ఏ ఇంటి మనుషులమూ కాదు. వీసా ఏజెన్సీది, దాని యజమాని అయిన అరబ్బు పెద్దమనిషే మా అందరికీ కఫీల్, అంటే వీసాకు పూచీదారు. ఏ ఇంట్లో రోగి ఉంటే ఆ ఇంటికి పంపేవారు. ఏడాదికో కాగితం. ఏడాది అయ్యాక కొత్త కాగితం మీద ముందు మేము, తర్వాత కఫీల్ సంతకం చేస్తే, అది పాస్‌పోర్టుతో పాటు సర్కారు ఆఫీసుకు వెళ్ళి ముద్ర పడేది. ముద్ర పడితే మరో ఏడాది ఉంటాం. లేకపోతే లేదు.

చెప్పడానికి ఇంతే. కానీ ఆ కొత్త కాగితం ఎప్పుడూ వేళకు రాదు. రోగిని ఎత్తడం, కడగడం, తినిపించడం చేతులకు అలవాటైపోతాయి. కాగితం కోసం ఎదురుచూడడం మాత్రం ఎన్నేళ్ళున్నా అలవాటు కాదు. నన్నడిగితే అసలు ఉద్యోగం అదే.

"ప్రాసెస్‌లో ఉంది"

మా మేనేజరు మాథ్యూ గారు మలయాళీ. విశాఖపట్నంలో నాలుగేళ్ళు పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు. ఏం అడిగినా "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాడు. మొదటి రెండేళ్ళూ ఆ మాట వింటే నాకు ధైర్యంగా ఉండేది. ఎక్కడో ఎవరో మా కాగితం చేత్తో పట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడుస్తున్నారని ఊహించుకునేదాన్ని. మూడో ఏట తెలిసింది, దాని అర్థం "ఇంకా కఫీల్‌ని అడగలేదు" అని.

మాథ్యూ గారు చెడ్డవాడు కాదు. జబ్బు చేస్తే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. కానీ కఫీల్ అంటే హడలు. ఆయన చిరాకుగా ఉన్న రోజు కాగితాలు ముందు పెట్టేవాడు కాదు. ఆయన ఏ రోజు నవ్వుతూ వస్తాడా అని చూస్తూ ఉండేవాడు. అతని భయమే మా కాగితాలకు ఆలస్యం. మీకూ ఇలాంటి మనిషి తగులుతాడు. అతన్ని తిట్టి లాభం లేదు. "ఈ కాగితం మీద సంతకం పెట్టేది ఎవరు? ఆ మనిషి ఎప్పుడు దొరుకుతాడు?" అని పేరు పెట్టి అడగాలి. "ఆఫీసు" అనే మనిషి ఎవరూ ఉండరు.

ఈ మాట నేను తెలివితో తెలుసుకున్నది కాదు. నూకరత్నం వల్ల తెలుసుకున్నాను.

నూకరత్నం

నూకరత్నంది కాకినాడ దగ్గర సముద్రపొడ్డు ఊరు. నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. నన్ను "పిన్నిగారూ" అనేది. మొగుడు వేరే కాపురం పెట్టాడు. మూడేళ్ళ కూతురు దుర్గను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతో కుడి పాదం లోపలికి తిరిగి ఉండేది. నాలుగేళ్ళు గడిచాక కాకినాడలో డాక్టరు ఆపరేషన్ చేస్తానని రోజు ఇచ్చాడు. బక్రీదు వెళ్ళిన మూడో నాడు. నూకరత్నానికి సెలవు దొరికింది, బక్రీదు ముందు రోజుకి టిక్కెట్టు కూడా తీసుకుంది.

శుక్రవారాలు బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేది. నేను పక్కన నిలబడేదాన్ని. ఫోన్లో పిల్ల గొంతు నాకూ వినబడేది.

"అమ్మా, నువ్వొత్తేనే ఆ బల్ల మీద పడుకుంటాను. లేపోతే పడుకోను."

"వత్తానే తల్లీ. నేనొచ్చి నీ చెయ్యి ఒట్టుకుంటాను కదా."

"ఏ చెయ్యి?"

"నీకే చెయ్యి కావాలో ఆ చెయ్యే!"

ఇబ్బంది ఏమిటంటే, నూకరత్నం వీసా గడువు ఆ బక్రీదు సెలవుల్లోనే తీరుతుంది. నాదీ అంతే, ఇద్దరం ఒకే నెలలో వచ్చినవాళ్ళం. కొత్త ముద్ర పడకుండా వెళ్తే మళ్ళీ రావడానికి ఉండదు. ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు పిల్ల పాదానికి కట్లు మారుస్తూ ఉండాలన్నారు. ఆ ఖర్చుకు ఈ జీతమే ఆధారం, అందుకని తిరిగి రాకుండా కుదరదు. పైగా పాస్‌పోర్టు కూడా ఏజెన్సీలో ఉన్న కాగితాల కట్టలోనే ఉంది. రెండు నెలల ముందు నుంచే అడుగుతున్నాం. ప్రాసెస్‌లో ఉందమ్మా, ప్రాసెస్‌లో ఉంది.

మంగళవారం వచ్చిన కట్ట

చివరికి ఒక మంగళవారం పొద్దున్నే మాథ్యూ గారు కట్ట పట్టుకుని ఫ్లాటుకే వచ్చాడు. ఫ్లాటులో ఉన్న ఆరుగురివీ ఉన్నాయి.

"యల్లా, యల్లా! సంతకాలు పెట్టండి. కఫీల్ రేపు పొద్దున్న ఆఫీసుకి వస్తారు. రేపే పని అయిపోవాలి."

మలయాళీ అమ్మాయిలిద్దరూ, శ్రీలంక వాళ్ళిద్దరూ గోడకు ఆనించి సంతకాలు పెట్టేశారు. నూకరత్నం పెన్ను తీసుకుని నా వైపు చూసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్లాటులోనే కాదు, చుట్టుపక్కల మన వాళ్ళెవరికి మంచి రోజు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఊరికి ప్రయాణమైనా, కొత్త ఇంట్లో పనికి చేరాలన్నా, చివరికి జుట్టు కత్తిరించుకోవాలన్నా. మా తమ్ముడు ఏటా పంపే పంచాంగం నా దిండు కింద ఉండేది. బడి మొహం చూడని దాన్ని నలుగురూ వచ్చి అడుగుతుంటే నాకు తృప్తిగా ఉండేది. నిజం చెప్పాలంటే తృప్తి కంటే కాస్త ఎక్కువే.

"మంగళవారం," అన్నాను. "పైగా అమావాస్య. పిల్ల కాలు బాగుపడాలని పెట్టే సంతకం, ఇవాళ వద్దమ్మా."

"మరి రేపండీ?"

"రేపు పాడ్యమి. అదీ వద్దు. ఎల్లుండి గురువారం, విదియ, నక్షత్రం కూడా బాగుంది. పొద్దున తొమ్మిది లోపల ఇద్దరం పెట్టేద్దాం."

మాథ్యూ గారు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, మీ దేవుడు కాగితం మీద తారీఖు చూస్తాడా?"

"మీరు చూడరేమో గానీ బాబూ, మేము చూస్తాం," అన్నాను.

నూకరత్నం పెన్ను మూత పెట్టేసింది. "ఆయ్, పిన్నిగారు చెప్పారంటే అంతేనండి. గురారం పొద్దున్నే నేనే ఒట్టుకొత్తాను," అంది.

"మీ ఇష్టం," అని ఆయన నాలుగు కాగితాలతో వెళ్ళిపోయాడు.

గురువారం తొమ్మిది లోపలే, తలంటు పోసుకుని, దేవుడి పటం ముందు ఉంచి తీసిన పెన్నుతో ఇద్దరం సంతకాలు పెట్టాం. నూకరత్నం ఏజెన్సీకి తీసుకెళ్ళింది. గంటలో తిరిగొచ్చింది, కాగితాలు చేతిలోనే ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆయన హజ్‌కి ఎల్లిపోయాడంటండీ. తెల్లారుగట్లే. బక్రీదు అయ్యాకే వత్తాడంట."

వాళ్ళు రెండు నెలలు ఆపారు. నేను రెండు రోజులు ఆపాను. ఆ రెండు నెలలకూ ఏదో ఒక సాకు ఉంది. నా రెండు రోజులకు ఎవరి మీదా చెప్పడానికి లేదు.

నూకరత్నం లోపలికి వెళ్ళి సర్దుకున్న సూట్‌కేసును మంచం కిందికి తోసింది. ఆ రోజు నుంచి నన్ను పిన్నిగారూ అని పిలవడం మానేసింది. కూర ఉందా, నీళ్ళు వస్తున్నాయా అని గోడతో అన్నట్టు అడిగేది.

హజ్జా చెప్పిన మాట

అప్పుడు నేను మనామాకు దగ్గరలోని హిద్‌లో ఒక ముసలావిడను చూసుకుంటున్నాను. హజ్ చేసి వచ్చిన ఆవిడ గనుక ఇంట్లో అందరూ హజ్జా అనేవారు, నాదీ అదే పిలుపు. నడుం కింద స్పర్శ లేదు గానీ నోరు మాత్రం బంగారం లాంటిది. నా వంటింటి అరబ్బీతో, ఆవిడ సైగలతో మాకు బాగా నడిచేది.

శనివారం ఆవిడకు ఒళ్ళు తుడుస్తుంటే, "నీ చేతులు ఇవాళ నా దగ్గర లేవు. ఎక్కడున్నాయి?" అని అడిగింది.

చెప్పేశాను. పంచాంగం సంగతితో సహా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ పడుకునే నవ్వింది.

"మా అమ్మ సఫర్ నెలలో ప్రయాణం కట్టేది కాదు. మంచిది కాదనేది. మా నాన్న అలాంటివి మతంలో లేవని కేకలేసేవాడు. ఆవిడ వినేది కాదు." తల నా వైపు తిప్పి, "అయితే నువ్వు చంద్రుణ్ణి చూసే లెక్క కడతావన్నమాట," అంది.

"అవును హజ్జా."

"మేమూ అంతే. నీ చంద్రుడు కనబడని రోజు దాటితే మాకు కొత్త నెల. ఇది హజ్ నెల అని ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. మరి నీకెందుకు తెలియలేదు?"

తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఒకే చంద్రుడు. నేను భయపడ్డ అమావాస్యే, అవతలి వైపు నుంచి చూస్తే కఫీల్ ప్రయాణానికి గుర్తు. అన్నేళ్ళు వాళ్ళ దేశంలో ఉండి, వాళ్ళ అన్నం తిని, వాళ్ళ నెలలేమిటో చూడలేదు. తిథి, వారం, నక్షత్రం చూశాను. ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు.

హజ్జా అంతటితో ఆపలేదు. "హజ్‌కి వెళ్ళే మనిషి పనులన్నీ ఎవరికో ఒకరికి అప్పగించకుండా కదలడు. తిరిగొస్తానో రానో అనుకునే బయల్దేరతాడు. మీ కఫీల్ కూడా ఎవరికో అప్పగించే ఉంటాడు. ఎవరికో అడుగు."

మర్నాడు పొద్దున్నే నూకరత్నాన్ని వెంటబెట్టుకుని ఏజెన్సీకి వెళ్ళాను.

"మాథ్యూ గారూ, కఫీల్ వెళ్తూ పనులు ఎవరికి అప్పగించారు?"

"అది... కఫీల్ వచ్చాక చూద్దామమ్మా, ప్రాసెస్‌లో..."

"ప్రాసెస్ వద్దు బాబూ. పేరు చెప్పండి."

ఆయన తల గోక్కున్నాడు. "తమ్ముడుంటాడు, హిద్‌లో. షిప్‌యార్డులో పని. అన్న తరఫున సంతకం పెట్టే వకాలత్ కాగితం ఆయన పేర ఉంది. కానీ ఆయన్ని ఎలా అడుగుతాం? చిరాకు మనిషి."

"మీరు అడగలేకపోతే మేమే వెళ్ళి అడుగుతాం. హిద్‌లోనేగా, నా డ్యూటీ అక్కడే."

మేము వెళ్తే తన పరువు పోతుందని ఆయనే బయల్దేరాడు. ఆ తమ్ముడు మూడు రోజులు దొరకలేదు, నాలుగో రోజు దొరికాడు. చిరాకు పడనూ లేదు, ఏమీ లేదు. కారు బానెట్ మీద పెట్టుకుని రెండు కాగితాలూ చదివి సంతకం చేసి, "ఇన్నాళ్ళు ఎందుకాగారు?" అని అడిగాడట. ఈ మాట మాథ్యూ గారే వచ్చి చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

కానీ అప్పటికే బుధవారం మధ్యాహ్నమైంది. సర్కారు ఆఫీసులకు గురు, శుక్రవారాలు సెలవు, వెంటనే బక్రీదు సెలవులు. ముద్ర పడేసరికి పండగ వెళ్ళి వారమైంది.

ఏ చెయ్యి

ఆపరేషన్ రోజున నూకరత్నం బూత్‌లో ఉంది. పక్కన నిలబడనిస్తుందో లేదో తెలియక నేను రోడ్డవతల నిలబడ్డాను. అరగంట తర్వాత బయటికొచ్చింది. నా పక్క నుంచి వెళ్తూ, తల తిప్పకుండా, "పడుకుందంట. డాక్టరమ్మ చెయ్యి ఒట్టుకుందంట," అంది.

దేవుడు చల్లగా చూశాడు, పాదం నిలబడింది. అందుకు నేను ఈనాటికీ కృతజ్ఞురాలినే. కానీ పాదం బాగుపడింది గనుక నా తప్పు తప్పు కాకుండా పోతుందా? పోదు. తల్లి చెయ్యి ఉండాల్సిన చోట ఇంకొకరి చెయ్యి ఉంది. ఆ పిల్లకు ఏడేళ్ళు, ఆ వయసువి గుర్తుంటాయి. దేవుడి మీద భారం వేసి నా వంతు తుడిచేసుకుంటే అది భక్తి కాదు.

నూకరత్నం ముద్ర పడ్డ మర్నాడు వెళ్ళి, రెండు నెలలుండి తిరిగొచ్చింది. అందరికీ పూతరేకులు తెచ్చింది. నాకూ ఇచ్చింది, కానీ పిలుపు లేకుండానే ఇచ్చింది.

నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే "అయ్యో, మీరేం చేశారండీ" అని తప్పనిసరిగా అనాల్సి వస్తుంది. ఆ మాట ఆవిడ చేత బలవంతంగా అనిపించుకోకూడదనుకున్నాను. నా చేతనైనది ఒకటే చేశాను. హజ్జా దగ్గర కూర్చుని వాళ్ళ పన్నెండు నెలల పేర్లూ నేర్చుకున్నాను. ఉపవాసాల నెల ఎప్పుడు, ఏ పండగకు ఆఫీసులు ఎన్నాళ్ళు మూత, కఫీల్ ఏ నెలలో ఎక్కడికి వెళ్తాడు, అన్నీ పంచాంగం అంచుల్లో పెన్సిలుతో రాసుకున్నాను. ఫ్లాటులో అందరి గడువులూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించాను. గడువుకు మూడు నెలల ముందు మాథ్యూ గారి దగ్గరికి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే ఆయన "ప్రా..." అని మొదలుపెట్టి ఆపేసి, "రేపు అడుగుతానమ్మా" అనేవాడు. చాలాసార్లు నిజంగానే అడిగేవాడు. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ నకలు తీసి దాచేదాన్ని. ఇవన్నీ మీరూ చెయ్యండి, ఎవరూ చెప్పే దాకా ఆగకండి.

ఎవరైనా వచ్చి మంచి రోజు అడిగితే పూజకూ, పెళ్ళి మాటకూ చెప్పేదాన్ని. కాగితం అనగానే పెన్ను చేతికిచ్చేదాన్ని. పంచాంగం మీద నమ్మకం పోలేదు, ఇప్పటికీ రోజూ చూస్తాను. నమ్మకం పోయింది నా గొప్ప మీద.

మరుసటి ఏడు ఉగాదికి మా తమ్ముడు పంచాంగం పంపలేదు, ఒంట్లో బాగాలేక. పండగ వెళ్ళి పది రోజులైంది. ఒక శుక్రవారం పొద్దున్న నేను బియ్యం ఏరుతుంటే నూకరత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది. వాళ్ళ ఊరి నుంచి వచ్చినామె చేత తెప్పించిందట, పసుపు అట్ట పంచాంగం. చేటలో, బియ్యం పక్కన పెట్టింది. దాని మీద పెన్సిలు కూడా.

"దుర్గ పరిగెడతందంటండీ," అంది. "మా అమ్మ ఒట్టుకోలేకపోతందంట."

నేను చేట నేల మీద దించాను.

"మన కాగితాలు మళ్ళీ వచ్చే నెలేగా. వాళ్ళ పండగలు కూడా అందులో రాసేయండి, పిన్నిగారూ," అంది. నేను పెన్సిలు తీసుకునే దాకా లేవకుండా అక్కడే కూర్చుంది.